రాత్రి వేళకు ఒక పెరటితోట

తోట అనగానే ఉదయపు టెండలో మెరిసే రంగురంగుల పూలు మనస్సుకు తోచడం సహజం. అయితే రాజమహేంద్రవరంలో కాపురముండే గృహస్థులు ఒక విషయం ఆలోచించవలసి ఉన్నది. ఉగాది వెళ్ళింది మొదలు మృగశిర కార్తె ప్రవేశించే వరకు ఈ నగరంలో పగటిపూట పెరట్లో హాయిగా కూర్చోగల సమయమెంత? ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. తెల్లవారి తొమ్మిది గంటలకే నేల కాలుతుంది. ఉద్యోగస్థులు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. పిల్లలు బడి నుండి, ట్యూషన్ల నుండి వచ్చేదీ అప్పుడే. ఇంటిపని ముగించుకొని గృహిణి ఊపిరి పీల్చుకునేది ఆ తరువాతనే. అనగా ఇంటిల్లిపాదీ కలిసి తోటను అనుభవించగలిగేది చీకటి పడిన పిమ్మట మాత్రమే.

అయినప్పటికీ మనము మొక్కలను ఎన్నుకునేది పగటి కంటితోనే. ఎవరూ చూడని మధ్యాహ్నం కోసం తోటను అలంకరించి, అందరూ ఇంట ఉన్న సాయంకాలాన్ని తలుపులు మూసిన గదికీ, టెలివిజన్‌కూ, సెల్‌ఫోన్‌కూ అప్పగిస్తున్నాము. ఈ పద్ధతి తిరగబడవలెను. మన ప్రాంతంలో పెరటితోటను ప్రధానంగా రాత్రి కోసమే రూపొందించుకోవడం ఉచితమనీ, నిద్ర కరవైన నేటి కుటుంబాలకు అది ఖర్చు తక్కువైన గృహవైద్యమనీ ఈ వ్యాసం యొక్క అభిప్రాయం.

శాస్త్రం చెప్పిన రాత్రిచర్య

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని ఆరవ అధ్యాయం ఋతుచర్యను వివరిస్తూ, గ్రీష్మంలో పగలు చల్లని గృహంలో విశ్రమించవలెననీ, రాత్రి చంద్రకిరణాలతో చల్లబడిన మేడపై, గాలి తగిలే చోట, చందనం పూసుకొని శయనించవలెననీ విధించింది. వాగ్భటుని అష్టాంగహృదయంలోని ఋతుచర్యాధ్యాయం కూడా ఈ మార్గాన్నే అనుసరించింది. శరదృతువులో ప్రదోషకాలపు వెన్నెలను సేవించుమని ఉభయ గ్రంథాలూ చెప్పాయి. అదే ఋతువులో మంచుకు ఒళ్ళు అప్పగించరాదని హెచ్చరించాయి కూడా. వర్షర్తువులో సంచితమైన పిత్తం శరత్తులో ప్రకోపిస్తుంది గనుక చల్లని వెన్నెల హితకరమైనదని శాస్త్రకారుల భావన.

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరానికి ఊతకంబాలుగా ఆయుర్వేదం పరిగణించింది. నిద్ర పట్టని వారికి చరకుడు చెప్పిన ఉపాయాలలో అభ్యంగన స్నానాలతో పాటు మనస్సుకు అనుకూలమైన పరిమళాలు, ఇంపైన ధ్వనులు, సుఖమైన శయ్య, తగిన వేళ కూడా ఉన్నాయి. రాత్రి తోట సమకూర్చేవి ఇవే కదా!

ఆధునిక విజ్ఞానం వేరొక దారిన ఇదే చోటికి వచ్చింది. దేహంలోని గడియారం ఏ విధంగా నడుస్తుందో కనుగొన్నందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. చీకటి పడిన తరువాత మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే ద్రవ్యాన్ని స్రవిస్తుంది. ‘రాత్రి అయినది’ అని దేహమంతటికీ తెలియజెప్పేది అదే. కంటిపై ప్రకాశవంతమైన వెలుగు, అందునా నీలి పాలు ఎక్కువైన తెల్లని వెలుగు పడినప్పుడు ఆ స్రావం తగ్గుతుంది. రాత్రి పదకొండు వరకు మిరుమిట్లు గొలిపే దీపాల క్రింద కూర్చొని, పిమ్మట నిద్ర రాలేదని మాత్రలు వెదకడం తొట్టిలో నీరు పారబోసి బిందె పట్టుకొని వీధిలోకి పోవడం వంటిది.

తోట వల్ల నిద్రలేమి యావత్తూ నయమవుతుందని చెప్పడం లేదు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగేవారు, మనోవ్యాకులత గలవారు, దీర్ఘరోగులు వైద్యుని సంప్రదించి తీరవలెను. నిద్రకు ముందు ఒక గంట మసక వెలుగులో, చల్లగాలిలో, నలుగురితో మాట్లాడుతూ కూర్చోవడం వల్ల ఎవరికీ హాని లేదు, అనేకులకు మేలున్నది.

కడియం వెళ్ళేవారికి ఒక మనవి

మొక్కల విషయంలో రాజమహేంద్రవరం వారిది పెట్టి పుట్టిన ఊరు. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు పరిసరాలలోని నర్సరీల నుండి దేశంలోని అనేక రాష్ట్రాలకు మొక్కలు ఎగుమతి అవుతున్నాయి. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, కాలువ నీరు, తరతరాల పనితనం కలిసి ఈ సంపదను ఇచ్చాయి. జాతీయ రహదారి వెంట రంగుల క్రోటన్లను, విదేశీ పూలను చూచి ముచ్చటపడని వారుండరు. బండి నిండా అవే కొని తెచ్చుకుంటారు. సాయంకాలం ఆరున్నర దాటిన తరువాత ఆ ఎరుపులు, ఊదాలు అన్నీ ఒకే నల్లని ముద్దగా కనిపిస్తాయి.

దీనికి కారణమున్నది. మసక వెలుగులో రంగులను గుర్తించే కణాలు విశ్రమించి, వెలుతురు నీడలను మాత్రమే గ్రహించే కణాలు మన కంటిలో పనిచేస్తాయి. అన్నిటికంటే ముందుగా నల్లబడేది ఎరుపు. ఆఖరు వరకు కనిపించేది తెలుపు. రాత్రి విచ్చే పూలలో అధికభాగం తెల్లగా ఉండి, పరిమళం వెదజల్లడం కూడా ఇందువల్లనే. రాత్రి సంచరించే రెక్కల పురుగులు ఆ తెలుపును, ఆ వాసనను పట్టుకొని వచ్చి పరాగసంపర్కం చేస్తాయి. పూలు తమ గిరాకీని ఎరిగే దుస్తులు ధరించాయన్నమాట.

కనుక కడియం వెళ్ళేవారు వీలైతే పొద్దు వాలే వేళకు వెళ్ళడం మంచిది. ఏ పూవు మసకలో కనిపిస్తున్నదో, ఏ మొక్క వద్ద వాసన నిలిచి ఉన్నదో ఆ వేళకే తెలుస్తుంది.

రాత్రి సౌందర్యాన్ని గుర్తించినవారు లోకమంతటా ఉన్నారు. ఆగ్రాలో తాజ్‌మహల్‌కు ఎదురుగా యమున ఆవలి ఒడ్డున మొగలాయీల కాలపు ‘మెహతాబ్ బాగ్’ ఉన్నది. ఆ పేరుకు అర్థం వెన్నెల తోట అనియే. ఇంగ్లండులో వీటా సాక్‌విల్-వెస్ట్ అనే రచయిత్రి సిసింగ్‌హర్స్ట్‌లో 1950 ప్రాంతంలో తెల్లపూలకే ప్రత్యేకించిన తోట వేసి ప్రసిద్ధి కెక్కింది. మనకైతే రాజోద్యానాలు అవసరం లేదు. మల్లెపందిరి, దాని ప్రక్క నవారు మంచం, వెన్నెల భోజనం, అట్లతద్ది నాడు చంద్రదర్శనం కోసం ఎదురుచూసే ఆడపిల్లలు, కార్తికంలో ఆకాశదీపం: ఇవన్నీ రాత్రి తోటకు చెందిన మన ఆచారాలే.

ఏ ఋతువుకు ఏ పూవు

సంవత్సరం పొడుగునా ఏదో ఒకటి పూస్తూ ఉండేటట్లు ఎన్నుకోవడంలోనే నేర్పున్నది.

వేసవికి మల్లెకు మించినది లేదు. సాయంకాలం మొగ్గగా ఉండి, రాత్రి విచ్చుకుంటుంది. శీతకాలం చివర ఆకు దూసి కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి నీరు పెడితే ఎండలు ముదిరేసరికి విరగబూస్తుంది. రోజుకు 5, 6 గంటల ఎండ తగలని చోట మల్లె నాటి, పూయలేదని విచారించి ప్రయోజనం లేదు.

వర్షాలు మొదలైన తరువాత జాజి తీగ అందుకుంటుంది. జాజి ఆకు నోటిపూతకు ప్రశస్తమైనదని వైద్యగ్రంథాలు చెప్పాయి. లేత ఆకులను నమిలి ఉమ్మివేయడం మన ఇళ్ళలో తెలిసిన చిట్కాయే. రెండు వారాలు దాటినా మానని నోటిపుండును మాత్రం వైద్యునికి చూపించవలెను. చంద్రకాంత సాయంకాలం నాలుగైదు గంటలకు విచ్చుతుంది. గింజ పడిన చోటల్లా మొలిచే ఈ మొక్కకు పోషణ అక్కరలేదు. తెల్లరంగు, లేత పసుపు రకాలను ఎన్నుకోవలెను.

శరత్తుకు పారిజాతం. పగడమల్లె అన్నా, శేఫాలిక అన్నా ఇదే. మునిమాపున విచ్చి, తెల్లవారకముందే రాలిపోతుంది. రాత్రి పరిమళాన్ని ఇంటివారికిచ్చి, ఉదయాన పూలను దేవునికిచ్చే చెట్టు ఇది. చెట్టు క్రింద పరిశుభ్రమైన బట్ట పరచి ఉంచితే పూజకు పూలు మట్టి అంటకుండా లభిస్తాయి. దీని ఆకుల కషాయాన్ని గృధ్రసీవాతంలో, అనగా నడుము నుండి పిక్క వరకు లాగే నొప్పిలో వాడడం ఆయుర్వేదంలో ఉన్నది. మోతాదు వైద్యుడు నిర్ణయించవలెను.

శీతకాలపు ప్రవేశంలో ఆకాశమల్లె పూస్తుంది. పొడవాటి తెల్లని కాడలతో రాత్రి విచ్చి, తెల్లవారేసరికి నేలంతా పరచుకుంటుంది. అయితే దీని కలప పెళుసు. తుపానుల తాకిడి గల మన జిల్లాలలో ఇంటి గోడను ఆనుకొని దీనిని నాటరాదు. 1996 నవంబరులో కోనసీమను తాకిన తుపాను లక్షలాది కొబ్బరి చెట్లనే పడగొట్టిన సంగతి ఈ ప్రాంతం వారు మరువలేదు. స్థలమున్నవారు దూరంగా, ఆవరణ చివర వేసుకోవచ్చును.

బజారులో లిల్లీలని అమ్మే నేలసంపెంగ కుండీలలో కూడా వస్తుంది. దుంప నాటితే చాలు. నందివర్ధనం వాసనకు కాక తెలుపు కొరకు ఉండవలెను; మసక చీకటిలో నక్షత్రాల వలె కనిపిస్తుంది. అలసిన కళ్ళు మూసుకొని రెప్పలపై ఈ పూలను ఉంచుకోవడం పాత అలవాటు. దాని పాలను, రసాన్ని కంటిలో వేసుకోవడం మాత్రం ప్రమాదకరం, కూడదు.

మనవారు బ్రహ్మకమలమని పిలిచే మొక్క అసలు బ్రహ్మకమలం కాదు. అసలుది హిమాలయాలలో పెరుగుతుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమది. మన కుండీలలోనిది అమెరికా ఖండపు కాక్టస్ జాతి మొక్క. పేరు మాట ఎట్లున్నా, రాత్రి తొమ్మిది పదింటికి విచ్చి తెల్లవారేసరికి వాలిపోయే ఆ పూవును చూపించడానికి ఇరుగుపొరుగును పిలిచే మర్యాద మాత్రం మిక్కిలి మెచ్చదగినది. వీధిలో ఒకరి గడప ఒకరు తొక్కడానికి నేడు మిగిలిన కొద్ది కారణాలలో అదొకటి.

రేరాణి లేదా నైట్ క్వీన్ విషయంలో జాగ్రత్త వహించవలెను. దాని వాసన మిక్కుటం. పడకగది కిటికీ వద్ద నాటితే కొందరికి తలనొప్పి, వికారం కలుగుతాయి. ఉబ్బసం గలవారి ఇంట అసలే వద్దు. దాని కాయలు విషపూరితాలు కూడా.

తోట అమరిక

ముందు కూర్చునే చోటు నిర్ణయించుకొని ఆ తరువాత మొక్కల మాట ఎత్తవలెను. వేసవి సాయంకాలాలలో మనకు దక్షిణపు వైపు నుండి పైరగాలి వీస్తుంది. ప్రక్క ఇంటి గోడలు, మేడలు దాని దారిని మళ్ళిస్తూ ఉంటాయి గనుక, సాయంకాలం ఒక అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోవుచున్నదో నాలుగు రోజులు గమనించవలెను. గాలి వచ్చే వైపున పరిమళపు మొక్కలు, గాలి పోయే వైపున మనుష్యులు ఉండవలెను. ఇది తారుమారైతే మన మల్లెల వాసన యావత్తూ ప్రక్కింటి వారిదే.

మొక్కల వెనుక గోడకు తెల్లసున్నం వేయించితే వెన్నెల దానిపై పడి తోటంతటికీ పరావర్తనం చెందుతుంది. నడిచే బాట సమతలంగా ఉండవలెను. దాని అంచున రాళ్ళు పేర్చి సున్నం పూస్తే వృద్ధులకు దీపం లేకుండానే దారి తెలుస్తుంది. మెట్టు ఉన్న చోట ముగ్గుతో వెడల్పైన గీత గీస్తే చాలు. పెద్దవయస్సులో తుంటి ఎముక విరిగితే కోలుకోవడం ఎంత కష్టమో తెలిసినవారు ఈ జాగ్రత్తను చిన్నచూపు చూడరు.

దీపం కావలసి వస్తే మోకాలి ఎత్తుకు మించకుండా, నేలను చూచేటట్లు, పసుపు వెలుగునిచ్చేది ఒకటి అమర్చవలెను. మేడ మీది నుండి తెల్లని ఫ్లడ్‌లైట్ వేయడం తోటకు, కంటికి, నిద్రకు కూడా చేటు. అట్టి వెలుగుకు పురుగులు కూడా మెండుగా చేరుతాయి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ చూస్తే ఆ ఓపికంతా వృథాయే. ఫోన్లు లోపల పెట్టి రావడం ఈ తోటకు మొదటి నియమంగా ఉండవలెను.

అపార్టుమెంట్లలో ఉండేవారు నిరాశపడనక్కరలేదు. ఎండ తగిలే బాల్కనీలో ఒక మల్లె, రెండు చంద్రకాంతలు, నీడ వైపున ఒక బ్రహ్మకమలం కుండీ, రెండు కుర్చీలు సరిపోతాయి. బాల్కనీ దీపం ఆర్పడం మరువరాదు.

దోమలు, పాములు, విషాలు

‘ఇదంతా బాగున్నది గాని దోమల మాట ఏమి?’ అని గృహిణులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నయే. గోదావరి జిల్లాలలో బోదకాలు వ్యాధి చిరకాలం పీడించింది. ఆ వ్యాధిపై పరిశోధనకు, శిక్షణకు కేంద్ర ప్రభుత్వ సంస్థ శాఖ ఈ నగరంలోనే వెలిసింది. ఆ క్రిములు రాత్రివేళ రక్తంలో అధికంగా సంచరిస్తాయి కాబట్టి పరీక్షకు రక్తాన్ని రాత్రి సేకరించే పద్ధతి ఏర్పడింది. దానిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరిగి రాత్రి కుడుతుంది. డెంగీ దోమ మంచినీటిలో పెరిగి పగలు, ముఖ్యంగా ఉదయం, పొద్దుగూకే ముందు కుడుతుంది.

అందువల్ల తోట వేసే ముందు కాలువ శుభ్రం చేయించవలెను. కుండీల క్రింది పళ్ళెములను, కొబ్బరి చిప్పలను, పాత టైర్లను వారానికొకసారి తప్పక ఖాళీ చేయవలెను. రాత్రి విచ్చే తెల్లకలువ కొరకు తొట్టి కట్టించుకునేవారు అందులో దోమ పిల్లలను తినే గంబూసియా లేదా గప్పీ చేపలను వేయవలెను. కూర్చున్న చోట కాళ్ళవైపు ఒక ఫ్యాను పెట్టుకుంటే దోమ ఎగురలేదు. వేపాకు పొగ వేయడం మన ఆచారమే అయినా, పసిపిల్లలు, ఉబ్బసపు రోగులు ఉన్న ఇంట ఏ పొగైనా చెరుపే చేస్తుంది. ఆరుబయట నిద్రించేవారు దోమతెర విడువరాదు.

సంపెంగ, మొగలి, మల్లె వాసనకు పాములు వస్తాయన్న నమ్మకం బలంగా ఉన్నది. పాముకు కావలసినవి ఎలుకలు, కప్పలు, దాగుకొనే చోటు. పూల వాసన కాదు. దట్టమైన పొదలు, పోగుపడిన ఇటుకలు, కట్టెల మోపులు లేకుండా చూచుకుంటే పని తీరుతుంది. తీగలను నేల మీద ప్రాకనీయక పందిరికెక్కించవలెను. చీకటిలో నడిచేటప్పుడు చేతిలో టార్చి, కాలికి చెప్పులు ఉండవలెను. కట్లపాము రాత్రి సంచరిస్తుంది. దాని కాటు నొప్పి తెలియకపోవచ్చును. కనుక ఆరుబయట నేలపై పక్క పరచుకోరాదు. మంచం మీదనే పడుకొని, దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపుకోవలెను.

ఒకవేళ పాము కరిస్తే పసరు, మంత్రం, కోత, కట్టు వీటితో కాలయాపన చేయరాదు. కరచిన అవయవాన్ని కదలనీయక తక్షణమే ఆసుపత్రికి చేర్చి విషవిరుగుడు సూదిమందు ఇప్పించవలెను. గృహవైద్యాన్ని అభిమానించే ఈ పత్రిక పాఠకులకే ఇది మరీ గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఏది ఇంటి వైద్యానికి లొంగేదో, ఏది లొంగనిదో ఎరగడమే గృహవైద్యంలో మొదటి పాఠం.

ఉమ్మెత్త, దాని బంధువులైన బాకా పూల మొక్కలు రాత్రి మనోహరంగా విచ్చుతాయి. నర్సరీలలో అందమైన పేర్లతో అమ్ముతున్నారు కూడా. అవి సర్వాంగాలా విషమే. చంద్రకాంత వేరు, గింజలు సైతం తినరానివి. మిరియాల వలె కనిపించే ఆ గింజలతో పసివారు ఆడుకోకుండా కనిపెట్టి ఉండవలెను.

రాత్రి తులసి, కలబంద ప్రాణవాయువును విడిచిపెడతాయని కొందరంటారు. వెలుతురు లేనిదే ఏ మొక్కా ప్రాణవాయువును తయారుచేయదు. మొక్కలు రాత్రి మనవలెనే శ్వాసిస్తాయి. అయితే ఆరుబయట దాని వలన ఎవరికీ నష్టం లేదు. తులసికోటకు ఈ లేని గొప్పతనం అంటగట్టనవసరం లేదు. దీపం పెట్టే నెపంతోనైనా ఇంటివారిని సంధ్యవేళకు బయటికి రప్పిస్తున్నది, అది చాలు.

చివరిమాట

ఇంట ముసలివారు సాయంకాలమంతా ఒంటరిగా గదిలో గడుపుతున్నారు. పిల్లలు చేతిలోని తెర మీద నుండి కన్నెత్తడం లేదు. దంపతులకు రోజులో పది నిమిషాలు నిదానంగా మాట్లాడుకునే తీరిక లేదు. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టగల మందు ఏ అంగడిలోనూ దొరకదు. నాలుగు తెల్లపూల మొక్కలు, ఒక మంచం, ఆర్పివేసిన దీపం ఆ పని చేయగలవు. మంచు కురిసే రాత్రులలో, వాన పడే రాత్రులలో వసారాలో కూర్చోవచ్చును. పరిమళం అక్కడికీ వస్తుంది.

గోదావరి ఒడ్డున పుట్టి, కడియం ప్రక్కన నివసిస్తూ, వెన్నెలను విద్యుద్దీపాలతో తుడిచివేసుకోవడం మనకు తగదు. మొక్క నాటి పూవు చూడడానికి కొన్ని నెలలు పట్టవచ్చును. ఈ రాత్రికి మాత్రం మేడ మీది దీపం ఆర్పి, కుర్చీలు బయట వేసి చూడండి. పైరగాలి ఏ వైపు నుండి వస్తున్నదో తెలుసుకోవడంతో మీ తోట పని ప్రారంభమైనట్లే.